రూపాన్ని బట్టి వేసే ముద్రలు: విద్యార్థుల ప్రాజెక్టులపై పాఠకుల ప్రశ్నలు

బడుల్లో వైజ్ఞానిక ప్రదర్శనల కాలం మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు ఒకే విషయం మీద చాలా ఉత్తరాలు వస్తున్నాయి. మనిషి రంగు, ఎత్తు, లావు, కళ్ళద్దాలు చూసి అతని తెలివినీ గుణాన్నీ ముందే నిర్ణయించే అలవాటును విద్యార్థులు ప్రాజెక్టుగా తీసుకోవచ్చా, తీసుకుంటే ఎలా చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది వాటి సారాంశం. ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాము. తెల్లగా, చక్కగా ఉన్న పిల్లలకే తెలివి ఎక్కువని పెద్దవాళ్ళు అనుకుంటారని నా స్నేహితురాలికీ నాకూ అనిపించింది. దీన్ని ప్రాజెక్టుగా చేస్తామంటే, నమూనా గానీ పరికరం గానీ లేనిది సైన్సు ఎలా అవుతుందని మా సార్ అడిగారు. ఇది సైన్సేనా? అయితే ఎలా మొదలుపెట్టాలి?
– ఇద్దరు విద్యార్థినులు, నిజామాబాద్ జిల్లా

జవాబు: ఇది నిస్సందేహంగా సైన్సే. ఒక ఊహను ముందుగా రాసుకొని, అది తప్పని తేలే అవకాశాన్ని కూడా ఇస్తూ, లెక్కించగలిగిన ఆధారాలతో పరీక్షిస్తే అది సైన్సు అవుతుంది. బల్ల మీద గాజు గొట్టాలు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో తమ ఊరి సమస్యను సర్వే చేసి పరిశీలించే ప్రాజెక్టులకే పెద్దపీట. అమెరికాలో ఏటా జరిగే అంతర్జాతీయ విద్యార్థి విజ్ఞాన ప్రదర్శనలో ప్రవర్తనా, సామాజిక శాస్త్రాలకు ప్రత్యేక విభాగమే ఉంది. మీ సార్‌కు ఈ రెండు సంగతులూ గౌరవంగా చెప్పండి. ఆయన అడిగిన ప్రశ్న అడగవలసినదే, ఎందుకంటే ఇటువంటి ప్రాజెక్టులు చాలావరకు నాలుగు నినాదాలు రాసిన చార్టుతోనే ముగిసిపోతున్నాయి.

మీకు కలిగిన అనుమానం వందేళ్ళ నుంచి పరిశోధకులకూ ఉన్నది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సైన్యంలో అధికారులు తమ కింది వారికి ఇచ్చిన మార్కులను పరిశీలించారు. శరీర దారుఢ్యానికి ఎక్కువ మార్కులు వచ్చినవాడికే తెలివికీ, నాయకత్వానికీ, శీలానికీ కూడా ఎక్కువ మార్కులు పడుతున్నాయని ఆయన గమనించారు. ఆ గుణాలు నిజజీవితంలో అంత గట్టిగా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే అవకాశం లేదు. అంటే అధికారి ఒక్క మంచి లక్షణం చూసి, ఆ వెలుగులోనే మిగిలినవన్నీ చూస్తున్నాడు. 1972లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కారెన్ డయాన్, ఎలెన్ బెర్షైడ్, ఎలైన్ వాల్స్టర్ 60 మంది విద్యార్థులకు ముక్కూమొహం తెలియని వ్యక్తుల ఫోటోలు ఇచ్చి, వీరి స్వభావం ఎలాంటిదో, జీవితం ఎలా సాగుతుందో ఊహించమన్నారు. అందంగా కనిపించినవారికి మంచి స్వభావం, మంచి ఉద్యోగం, సుఖమైన దాంపత్యం ఉంటాయని చెప్పారు. మంచి తల్లిదండ్రులు అవుతారా అన్న ఒక్క విషయంలో మాత్రం అందగాళ్ళకు ఆ ఆధిక్యం ఇవ్వలేదు.

మీకు మరింత దగ్గరి ప్రయోగం ఆ మరుసటి ఏడాది, 1973లో, మార్గరెట్ క్లిఫర్డ్, ఎలైన్ వాల్స్టర్ చేసినది. అయిదో తరగతి పిల్లల ప్రోగ్రెస్ కార్డు ఒకటి తయారుచేసి, మార్కులూ హాజరూ ఒక్క అక్షరం మార్చకుండా, దానికి అంటించిన ఫోటోను మాత్రం మార్చి వందలాది ఉపాధ్యాయులకు పంపారు. చక్కని ముఖం ఉన్న కార్డు అందుకున్నవారు, ఆ బిడ్డకు తెలివి ఎక్కువనీ, తల్లిదండ్రులు చదువు మీద శ్రద్ధ పెట్టేవారనీ, బాగా పైకి వస్తాడనీ అంచనా వేశారు. ఒకే కార్డు, రెండు భవిష్యత్తులు! 1974లో డేవిడ్ లాండీ, హెరాల్డ్ సిగల్ కళాశాల విద్యార్థుల చేత వ్యాసాలు దిద్దించినప్పుడు, వ్యాసం బాగున్న చోట కంటే బాగాలేని చోట ఫోటో ప్రభావం ఎక్కువగా కనబడింది. దీని అర్థం నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్నది. చక్కగా కనిపించే బిడ్డ తప్పు రాస్తే మనం సర్దుకుపోతాము. అలా చక్కగా కనిపించని బిడ్డ తప్పు రాస్తే, ముందే అనుకున్నాము అంటాము. వెనకబడిన పిల్లల మీదే ఈ భారం ఎక్కువ పడుతుందన్నమాట.

ఇక మీ ప్రాజెక్టు సంగతికి వద్దాము. ముందుగా మీ ఊళ్ళో ఏయే ముద్రలు చలామణిలో ఉన్నాయో సేకరించండి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. కండపుష్టి ఉన్నవాణ్ణి చూసి ఆకారపుష్టి, నైవేద్యనష్టి అంటారు. లావుపాటి కళ్ళద్దాల పిల్లవాణ్ణి సోడాబుడ్డి అని వెక్కిరిస్తూనే, వాడు బాగా చదువుతాడని నమ్ముతారు. వీటిలో ఒక్కదాన్ని మాత్రమే ఎంచుకోండి. రంగు, ఎత్తు, లావు, కళ్ళద్దాలు అన్నీ ఒకే ప్రాజెక్టులో కలిపితే, చివరకు వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో మీరే చెప్పలేరు.

“నల్లగా ఉన్నవారికి తెలివి తక్కువని మీరు అనుకుంటారా?” అని ప్రశ్నావళి రాయకండి. ఎవరూ అవునని చెప్పరు. అబద్ధం చెప్పాలని కాదు, తమలో ఆ అభిప్రాయం ఉన్నట్టు చాలామందికి తెలియకపోవడమే కారణం. అందువల్ల అభిప్రాయాన్ని అడగకుండా, ఒక పని చేయించి, ఆ పనిలో అభిప్రాయం తొంగిచూస్తుందేమో గమనించాలి. ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియ మీద పది వాక్యాల జవాబు ఒకటి, మరీ మంచిగానూ మరీ చెడ్డగానూ కాకుండా, మీరే తయారుచేయండి. దాన్ని ఒకే చేతిరాతతో రాయించి జిరాక్స్ తీయించండి. కాగితం పై మూలలో విద్యార్థి బొమ్మ ఒకటి మీరే గీసి పెట్టండి. సగం కాగితాల్లో ఆ బొమ్మకు చర్మపు ఛాయ ముదురుగా, సగం కాగితాల్లో లేతగా ఉండాలి; జుట్టు, బట్టలు, నవ్వు, ముఖం గీత అన్నీ ఒకటిగానే ఉండాలి. నిజమైన మనిషి ఫోటో, అందులోనూ మీ తోటి విద్యార్థి ఫోటో, ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. దీని కారణం కింది ఉత్తరంలో ఉన్నది.

మార్కులు వేయవలసినవారు మీ తరగతి పిల్లలు గానీ మీకు చదువు చెప్పే ఉపాధ్యాయులు గానీ కాకూడదు. మీ జిల్లాలో డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) గానీ బి.ఇడి. కళాశాల గానీ ఉంటే అక్కడి ఛాత్రోపాధ్యాయులు ఇందుకు ఎంతో తగినవారు, ఎందుకంటే రేపు నిజంగా మార్కులు వేయబోయేది వారే. ప్రిన్సిపల్ గారి అనుమతితో వెళ్ళి, 40 ముదురు ఛాయ కాగితాలు, 40 లేత ఛాయ కాగితాలు కలిపి పేక కలిపినట్టు బాగా కలిపి, వరుసగా పంచండి. ఎవరికి ఏది వస్తుందో మీరు నిర్ణయించకూడదు. ముందు బెంచీ వారికి ఒకటి, వెనక బెంచీ వారికి మరొకటి ఇస్తే, వచ్చిన తేడా బెంచీల తేడా కావచ్చు. ప్రతివారూ ఒక్క కాగితమే చూడాలి. రెండూ చూస్తే విషయం పసిగట్టి జాగ్రత్తపడతారు. పదికి ఎన్ని మార్కులు, ఈ విద్యార్థి పదో తరగతిలో ఎలా రాణిస్తాడనుకుంటున్నారు అన్న రెండు ప్రశ్నలు చాలు.

వచ్చిన మార్కులను ఎలా చూడాలన్నది మీ వయసు పిల్లలకు ఎవరూ సరిగా చెప్పడం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. లేత ఛాయ కాగితాల సగటు 6.4, ముదురు ఛాయ కాగితాల సగటు 5.9 వచ్చిందని అనుకుందాము. తేడా 0.5. ఇది రంగు ప్రభావమా, లేక ధారాళంగా మార్కులు వేసేవారు అనుకోకుండా ఒకవైపు ఎక్కువగా చేరడం వల్ల వచ్చినదా? తెలుసుకోవడానికి 80 మార్కులనూ 80 చీట్ల మీద రాయండి. ఏ చీటీ ఏ రంగు కాగితానిదో చూడకుండా కలిపి, 40 చొప్పున రెండు కుప్పలు చేసి, ఆ కుప్పల సగటుల తేడా లెక్కించండి. రంగుతో ఏ సంబంధమూ లేనప్పుడు కేవలం అదృష్టం కొద్దీ ఎంత తేడా రావచ్చో ఈ కుప్పలు చూపిస్తాయి. ఇలా 100 సార్లు చేయండి. ఒక మధ్యాహ్నం పడుతుంది, కానీ కంప్యూటర్ లేకపోయినా చేయగలిగిన పని. ఆ 100 సార్లలో, ఏ కుప్పవైపైనా సరే, 0.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడా 30 సార్లు వచ్చిందనుకోండి, మీకు వచ్చిన తేడాకు పెద్ద విలువ లేదు. అయిదు సార్లకు మించి రాకపోతే, అది కేవలం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టమని పరిశోధకులు సాధారణంగా భావిస్తారు. న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు ఆ చీట్ల డబ్బా బల్ల మీద పెట్టి వారి చేతనే కలిపించండి. మీ సార్ అడిగిన పరికరం అదే అవుతుంది.

మార్కులు వేసేవారికి ముందే అసలు విషయం చెబితే ప్రయోగం చెడిపోతుంది. “జవాబులకు మార్కులు ఎలా వేస్తారో పరిశీలిస్తున్నాము, ఇష్టం లేకపోతే మానవచ్చు” అని మాత్రం చెప్పి, కాగితాలు తీసుకున్న వెంటనే, అదే గదిలో, పూర్తి విషయం వివరించండి. తమ కాగితం వెనక్కు కావాలన్నవారికి ఇచ్చేయండి. పేర్లు రాయించకండి. ఇలా కొంత దాచిపెట్టి చేసే ప్రయోగానికి పెద్దల ఆమోదం ముందే ఉండాలి కాబట్టి, ప్రధానోపాధ్యాయులు, మీ ప్రాజెక్టుతో సంబంధం లేని మరో ఉపాధ్యాయుడు, వీలైతే ఒక డాక్టర్ గారు కలిసి మీ పద్ధతిని చదివి సంతకం చేసిన కాగితం దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కొంచెం నలుపు. బడిలో కొందరు పిల్లలు “అందం – తెలివి” అని సైన్సు ప్రాజెక్టు చేస్తున్నామంటూ తరగతిలోని ఆడపిల్లలందరి ఫోటోలు సెల్‌ఫోన్‌లో తీసి, పై తరగతుల వారి చేత అందానికీ తెలివికీ మార్కులు వేయించారు. మా అమ్మాయికి అన్నిటికంటే తక్కువ వచ్చాయి. ఆ పట్టిక అందరూ చూశారు. అప్పటి నుంచి బడికి పోనంటోంది, మొహానికి పౌడర్ రాసుకుంటూ అద్దం ముందే కూర్చుంటోంది. అడిగితే, ఇది సైన్సు, ఏమీ అనుకోవద్దు అన్నారు. నేను ఏం చేయాలి?
– ఒక తల్లి, అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. ముందుగా మీరు రూఢిగా తెలుసుకోవలసినది, అక్కడ జరిగినది సైన్సు కాదు. పిల్లల మీద జరిగే ఏ పరిశీలనకైనా తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి, బిడ్డ ఇష్టం కూడా అడగాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు, తల్లిదండ్రుల అనుమతికి తోడు, 12 నుంచి 18 ఏళ్ళ పిల్లల సమ్మతిని కాగితం మీదే తీసుకోవాలని చెబుతున్నాయి. అంతర్జాతీయ విద్యార్థి ప్రదర్శనలోనైతే, మనుషులతో చేసే ప్రాజెక్టును పరిశీలక సంఘం ముందుగా ఆమోదించకుండా వివరాల సేకరణే మొదలుపెట్టకూడదు. మీ అమ్మాయి విషయంలో వీటిలో ఏ ఒక్కటీ పాటించలేదు.

పద్ధతి పరంగా చూసినా అది తప్పుడు ప్రాజెక్టే. అందానికి ఎక్కువ మార్కులు వేసిన ముఖానికే తెలివికీ ఎక్కువ వేశారంటే, దానివల్ల తెలిసేది మార్కులు వేసినవారి మనసు గురించి మాత్రమే. మీ అమ్మాయి తెలివిని వారు ఏ పరీక్షతోనూ కొలవలేదు, ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ముఖం చూసిన సెకనులో పదో వంతు కాలంలోనే మనుషులు ఒక అభిప్రాయానికి వచ్చేస్తారని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ 2006లో చూపించారు. ఎక్కువసేపు చూడనిస్తే ఆ అభిప్రాయం మీద నమ్మకం పెరిగింది గానీ అభిప్రాయం పెద్దగా మారలేదు. అంత తొందరగా పుట్టిన అంకెను ఒక బిడ్డ పేరు పక్కన రాసి గోడకు పెట్టడం ఎంత అన్యాయమో ఆ బడిలో ఎవరో ఒకరు ఆలోచించి ఉండవలసింది. మార్కులు ఎవరి తీర్పుకు పడాలో, వారి పట్టికే కదా పెట్టాలి! మీ అమ్మాయికి ఈ మాట అర్థమయ్యేలా చెప్పండి. ఆ పట్టికలో ఉన్నవి ఆమె మార్కులు కావు, మార్కులు వేసినవారి పక్షపాతం లెక్కలు.

ఇప్పుడు చేయవలసినది. ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఆ ఫోటోలను అన్ని ఫోన్లలో నుంచీ తీసివేయాలనీ, పట్టికను ఎక్కడా ప్రదర్శించకూడదనీ, ఆ ప్రాజెక్టును పోటీకి పంపకూడదనీ అడగండి. అందుకున్నట్టు సంతకం తీసుకోండి. ఆ పిల్లలను దండించమని మాత్రం అడగవద్దని నా మనవి. వారికి ఎవరూ పద్ధతి నేర్పలేదు. నేర్పవలసిన పెద్దలు బాధ్యత తీసుకోవాలి. బిడ్డ తిండి, నిద్ర తగ్గినా, ఒంటరిగా కూర్చొని ఏడుస్తున్నా ఆలస్యం చేయకుండా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం నడిచే ఆ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పౌడర్ గురించి కూడా ఒక మాట. చర్మపు రంగు ఏమిటో బిడ్డకు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాల సంఖ్య నల్లటివారిలోనూ తెల్లటివారిలోనూ దాదాపు సమానమే. ఆ కణాలు ఎంత మెలనిన్ తయారుచేసి ఎలా పరుస్తాయన్న దానిలోనే తేడా. ఎండలోని అతినీల లోహిత కిరణాల నుంచి శరీరాన్ని కాపాడేది ఆ మెలనినే. రంగును కొంతవరకు నిర్ణయించే ఎస్‌ఎల్‌సి24ఎ5 అనే జన్యువు పాత్రను 2005లో జీబ్రా చేపల సాయంతో అమెరికా శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. 2013లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కూడా పాల్గొన్న అధ్యయనం, దక్షిణాసియాలోనూ ఐరోపాలోనూ లేత రంగునిచ్చే ఆ జన్యు మార్పు ఒకే మూలం నుంచి వచ్చినదని తేల్చింది. ఆ మార్పు జన్యువులో ఒకే ఒక్క అక్షరంలో జరిగినది. అది చర్మానికి సంబంధించిన సంగతి. లెక్కలు చేయడానికీ పద్యం కంఠతా పట్టడానికీ దానితో ఏ సంబంధమూ లేదు. అయినా 1975 నుంచి దశాబ్దాల తరబడి “ఫెయిర్” అన్న మాటను పేరులోనే పెట్టుకొని అమ్ముడైన క్రీము, 2020లో గానీ ఆ మాటను వదులుకోలేదు. అన్నేళ్ళ ప్రకటనలు చూసి పెరిగిన పిల్లలే, వారిని పెంచిన మనమే, ఈ మార్కులు వేస్తున్నాము. ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడు “పిల్ల కాస్త రంగు తక్కువ” అన్న మాట వినబడకుండా చూడడం మీ చేతిలో ఉన్నది. మీ ఉత్తరంలోనే “కొంచెం నలుపు” అన్నది కాస్త సంజాయిషీలా వినిపించింది. అందులో చెప్పుకోవలసిన సంజాయిషీ ఏదీ లేదమ్మా.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. “యత్రాకృతిస్తత్ర గుణా వసంతి”, అంటే చక్కని రూపం ఉన్నచోటే మంచి గుణాలు ఉంటాయని, పెద్దలు ఊరికే అన్నారా? ముఖం చూసి పిల్లవాడి తీరు చెప్పగలనని నా సుదీర్ఘ అనుభవంలో ఎన్నోసార్లు రుజువైంది. పిల్లల చేత ఇటువంటి ప్రాజెక్టులు చేయించి పెద్దల అనుభవాన్ని తప్పని చూపించడం ఎంతవరకు మంచిది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ అనుభవాన్ని తక్కువ చేయను. కానీ అనుభవం మనలను ఎలా మోసం చేయగలదో చూపిన ప్రయోగం ఒకటి మీ ముందుంచుతాను. 1977లో మార్క్ స్నైడర్, ఎలిజబెత్ టాంకె, ఎలెన్ బెర్షైడ్ కొందరు యువకులను, పరిచయం లేని యువతులతో ఫోన్ లాంటి పరికరం ద్వారా మాట్లాడించారు. ప్రతి యువకుడికీ ముందుగా ఒక ఫోటో ఇచ్చి, మీతో మాట్లాడేది ఈమే అన్నారు. నిజానికి ఆ ఫోటో వేరెవరిదో. కొందరికి అందమైన ముఖం, కొందరికి అంత అందం లేని ముఖం చేతికొచ్చింది. ఆ తరువాత, ఫోటోల సంగతి తెలియనివారికి యువతుల మాటలు మాత్రమే వినిపించారు. అందమైన ఫోటో జతపడిన యువతులే ఎక్కువ స్నేహంగా, చనువుగా, ఉత్సాహంగా మాట్లాడినట్టు వారికి వినిపించింది. యువకుడు ఆదరంగా మాట్లాడాడు గనుక ఆమె అలా మాట్లాడింది. తన ఊహ నిజమైందని అతడు అనుకున్నాడు. ఆ ఊహను నిజం చేసినది తనేనని అతనికి తెలియలేదు.

తరగతి గదిలోనూ ఇదే జరుగుతుంది. చురుకైన ముఖమని మీరు అనుకున్న పిల్లవాణ్ణి ఎక్కువసార్లు అడుగుతారు, తడబడితే ఆగి అందిస్తారు. ఏడాది తిరిగేసరికి వాడు చురుకవుతాడు, మీ అంచనా రుజువవుతుంది. మరొక పిల్లవాణ్ణి అలా ఆదరించి ఉంటే ఏమయ్యేదో చూసే అవకాశం మీకు రాలేదు, ఏ ఉపాధ్యాయుడికీ రాదు. ఆ రెండో సంగతిని చూపించగలిగినది ప్రయోగం ఒక్కటే.

రూపంలో గుణాన్ని వెతికిన చరిత్ర మనకు తగిలించిన గాయాలు కూడా ఉన్నాయి. ఇటలీకి చెందిన చెజారే లాంబ్రోజో 1876లో, పుట్టు నేరస్తులను దవడ, చెవులు, నుదురు చూసి గుర్తుపట్టవచ్చని రాశారు. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, నేరం చేయని వారితో పోల్చి, నేరస్తులకంటూ ప్రత్యేకమైన శరీర రకం లేదని 1913లో ప్రకటించేదాకా ఆ మాట అనేక దేశాలలో చెల్లింది. మన దేశంలో 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ, ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువన్నట్టు సిద్ధాంతం చేశారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకొని జనం ముక్కులూ తలలూ కొలిచారు. దక్షిణ దేశపు కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వెలువరించారు. మనిషిని పట్టి, కొలిచి, ఆ కొలతను బట్టి అంతస్తు చెప్పడం ఆనాడు సైన్సుగా చెల్లుబాటైంది. జి.ఎస్. ఘుర్యే 1932లో ఆ అంకెలను ప్రాంతాలవారీగా పరిశీలించి, ముక్కు కొలతకూ కులం అంతస్తుకూ రిస్లీ చెప్పిన పొంతన ఉత్తర హిందుస్థానం దాటితే నిలబడదని చూపించారు.

ఇవాళ పిల్లలు చేస్తున్నది దీనికి సరిగ్గా ఎదురు పని. వారు కొలత బద్దను ముఖం మీద నుంచి తీసి, చూసేవారి తీర్పు మీద పెడుతున్నారు. అందువల్ల పెద్దలకు అగౌరవం జరుగుతుందని నేను అనుకోను. మీవంటి అనుభవజ్ఞులు పక్కన నిలబడి సాయం చేస్తే, మార్కులు వేయడంలో ఉండే సాధకబాధకాలు వారికి తెలుస్తాయి. ఒక ఊరట కూడా ఉన్నది. కళ్ళద్దాలు పెట్టుకున్నవారిని జనం తెలివైనవారిగా అంచనా వేస్తారు గానీ, వారు అయిదు నిమిషాలు మాట్లాడడం చూశాక ఆ తేడా మాయమైందని మైకేల్ ఆర్గైల్, రాబర్ట్ మెక్‌హెన్రీ 1971లో చూపించారు. మీరు పాఠం చెప్పిన ప్రతి పిల్లవాడికీ అంతకంటే ఎన్నో రెట్లు సమయం ఇచ్చి ఉంటారు. ఆ సమయంలో తెలుసుకున్నదే మీ అసలు అనుభవం, మొదటి రోజు ముఖం చూసి అనుకున్నది కాదు.

ప్రశ్న: “శాస్త్రవేత్త బొమ్మ గీయండి” అని చిన్న తరగతుల పిల్లలకు చెప్పి, ఎలాంటి మనిషిని గీస్తారో చూడాలనుకుంటున్నాము. ఇది ఇంతకుముందు ఎవరైనా చేశారా? ఏ జాగ్రత్తలు కావాలి?
– పదో తరగతి విద్యార్థి, అనంతపురం జిల్లా

జవాబు: చేశారు, చాలా పేరున్న పరీక్ష ఇది. డేవిడ్ వేడ్ చాంబర్స్ 1966 నుంచి 1977 వరకు ముఖ్యంగా అమెరికా, కెనడాలలో 4,807 మంది చిన్నపిల్లల చేత బొమ్మలు గీయించి 1983లో ఫలితాలు ప్రచురించారు. తెల్ల కోటు, కళ్ళద్దాలు, గడ్డం లేదా మీసం, సీసాలు, పుస్తకాలు వంటి గుర్తులను లెక్కించారు. పిల్లలు పై తరగతులకు వెళ్ళేకొద్దీ ఆ గుర్తులు పెరిగాయి. మొత్తం బొమ్మల్లో ఆడ శాస్త్రవేత్తలు 28 మందే. ఆ 28నీ గీసినది ఆడపిల్లలే. అమెరికాలో అయిదు దశాబ్దాలలో జరిగిన ఇటువంటి పరీక్షలన్నిటినీ 2018లో ఒకచోట చేర్చి చూస్తే, ఆడవారి బొమ్మలు కాలక్రమంలో పెరిగాయని తేలింది. అంటే ఈ ముద్ర కదలనిదేమీ కాదు.

మీ జాగ్రత్తలలో మొదటిది మీ నోటి మాట. “శాస్త్రవేత్త ఏం చేస్తున్నాడో గీయండి” అంటే మగవాణ్ణి గీయమని మీరే చెప్పినట్టు. ఒకే వాక్యాన్ని కాగితం మీద రాసుకొని, అన్ని తరగతుల్లోనూ అక్షరం తేడా లేకుండా చదవండి. గదిలో సర్ సి.వి. రామన్ గారి పటం గానీ మరెవరి పటం గానీ ఉంటే ఆ గది వద్దు. పిల్లల పేర్లు వద్దు. తరగతి, వయసు, బాలుడా బాలికా అన్నవి కాగితం వెనక రాయించండి. బొమ్మలు లెక్కించేవారు ఇద్దరుండాలి, వెనక ఏముందో చూడకుండా విడివిడిగా లెక్కించాలి. ఇద్దరి లెక్కలూ ఎన్ని బొమ్మల్లో కలిశాయో నివేదికలో చెప్పండి. కలవని వాటిని దాచకండి.

బొమ్మ గీశాక పిల్లలను ఒక్కొక్కరినీ “ఈ మనిషి ఎవరు, ఎక్కడ ఉంటారు?” అని అడిగి రాసుకోండి. మీ జిల్లాలో ఇది అన్నిటికంటే విలువైన భాగం కావచ్చు. వేరుశనగ చేనులో తెగులు చూసే మనిషిని శాస్త్రవేత్తగా గీసే పిల్లలు ఉన్నారా, లేక అందరూ అద్దాల గదిలో తెల్ల కోటునే గీస్తారా అన్నది చదవాలని నాకూ ఆత్రంగా ఉన్నది. తల్లిదండ్రుల అనుమతి చీటీ తెలుగులో, రెండు మూడు వాక్యాల్లో, చదవడం రానివారికి చదివి వినిపించేలా ఉండాలి.

ప్రశ్న: మేము పొడుగు – పొట్టి మీద ప్రాజెక్టు చేశాము. తరగతి నాయకుడిగా ఎవరిని ఎన్నుకుంటారని రెండు బొమ్మలతో 60 మందిని అడిగితే తేడా ఏమీ రాలేదు. మా ఊహ తప్పయింది కాబట్టి పోటీలో ఓడిపోతామా? కొందరి జవాబులు తీసేస్తే తేడా వస్తోంది.
– ముగ్గురు విద్యార్థులు, ఖమ్మం

జవాబు: ఏ ఒక్క జవాబూ తీసేయకండి. తేడా రాలేదన్నది కూడా ఫలితమే, దాన్ని అలాగే రాయండి. మీరు అడిగిన 60 మందిలో, మీరు గీసిన ఆ రెండు బొమ్మలతో, తేడా కనబడలేదని రాయాలి గానీ, మన ఊళ్ళో ఎత్తు మీద ముద్రలే లేవని రాయకూడదు. చిన్న ప్రభావాన్ని పట్టుకోవడానికి 60 మంది చాలకపోవచ్చు. మీ బొమ్మల్లో పొడుగు, పొట్టి తేడా స్పష్టంగా లేకపోయి ఉండవచ్చు. పది మంది కొత్తవారికి ఆ బొమ్మలు చూపించి “వీరిద్దరిలో ఏం తేడా కనబడుతోంది?” అని అడగండి, ఎత్తు అన్న మాట వారి నోటి నుంచి రాకపోతే లోపం బొమ్మలోనే ఉన్నది. ఈ పరిశీలనను కూడా నివేదికలో చేర్చండి. మొదట మీరు రాసుకున్న ఊహ, తేదీతో సహా, మొదటి పేజీలో మార్చకుండా ఉంచండి.